మామ అంగీ విప్పలేదు

నైజాం కాలంలో, నేను ఇబ్రహీంపట్నం కోడలిగా వచ్చిన కొత్తలో, పట్నం నుంచి ఒక సాయిబు ఎడ్లబండి మీద సినిమా యంత్రం తెచ్చాడు. మధ్యాహ్నం పూట ఊరి గోదాము కిటికీలకు గొంగళ్లు కట్టి, గోడకు తెల్లటి దుప్పటి వేలాడదీసి బొమ్మ ఆడించాడు.

సముద్రం నడుమ ఎక్కడో దీవి. అక్కడివాళ్ల ఒంటి మీద ఆకులు తప్ప బట్టల్లేవు. మాటలు వినబడవు కాబట్టి సాయిబే పక్కన నిలబడి చెబుతున్నాడు. ఒకామె నిప్పుల మీద చేప కాలుస్తూ తలెత్తి మావైపు చూసి, బిడ్డను వెనక్కి లాక్కుంది.

"భయపడ్డది పాపం," అంది మా అత్త.

చేపలు పట్టడమే మా ఇంటి పని. మర్నాడు పొద్దున సాయిబు అదే యంత్రంతో మమ్మల్ని కూడా బొమ్మ తీస్తానని పెద్దచెరువు దగ్గరికి వచ్చాడు. మామ పెళ్లిళ్లకు తొడిగే అంగీ వేసుకుని, తలకు రుమాలు చుట్టుకుని, వల భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"అంగీ, రుమాలు తీసెయ్. గోచీ మీద వల ఇసురు," అన్నాడు సాయిబు.

"ఎందుకు సాబ్?"

"నిన్న జూసినవ్ గద? జర గట్ల కనబడాలె."

మామ భుజం మీది వల సర్దుకున్నాడు. "ఆ దీవోళ్లతోని గూడ బట్టలు తీపిచ్చిన్రా?"

సాయిబు యంత్రం మూత తుడిచాడు. "అది నేను తీసింది కాదు," అన్నాడు. "తీసిన తెల్లదొర చెప్పిండు. వాళ్లు ఓడలోళ్లు ఇచ్చిన బట్టలు కట్టుకొనొస్తే, ఇప్పమన్నరట."

నాకు ఆ దీవి ఆమె చూపు గుర్తొచ్చి, కొంగు సర్దుకున్నాను.

"నేను ఇప్ప సాబ్. తీస్తే గిట్లనే తీయ్. లేకుంటే మానెయ్," అన్నాడు మామ. గొంతులో కోపం లేదు.

సాయిబు తల ఊపి, యంత్రం పిడి తిప్పడం మొదలుపెట్టాడు. మామ వల విసిరాడు. లాగితే నాచు తప్ప ఏమీ రాలేదు. గట్టు మీద చేరినవాళ్లు నవ్వారు, మామ కూడా నవ్వాడు. సాయిబు పిడి ఆపలేదు.

"మల్ల ఇసరాల్నా?" అడిగాడు మామ.

"వద్దు. మంచిగొచ్చింది."

సాయిబు మా ఇంట్లోనే జొన్నరొట్టె, చేపల పులుసు తిని, బొమ్మ తెచ్చి చూపిస్తానని చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు. పట్నంలో ఎవరైనా చూశారో లేదో తెలియదు. చూసి ఉంటే, అంగీ తడిసిపోయి, ఖాళీ వల పట్టుకుని నవ్వుతున్న మా మామను చూసి ఉంటారు.