ఒకటో నంబరు ఎవరిది

జగిత్యాలలో మా కేబుల్ టీవీ నేనే నడుపుతాను. డిజిటల్ పెట్టెలు వచ్చినప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లవాళ్లం ముగ్గురం కలిసి ఒకే కంట్రోల్ రూము పెట్టుకున్నాం. మూడు లోకల్ చానళ్లూ మూడు ఊళ్లలో వస్తాయి కాబట్టి అందరికీ ఒకే నంబర్ల వరుస కావాలి. దానికి స్టాండర్డ్ అని పెద్ద పేరొకటి. ఒకటో నంబరు ఎవరిదన్న దగ్గర చిక్కు పడింది.

నాకు ఒకటి కావలసింది ఊరి గొప్పకు కాదు, మా అమ్మకు. అమ్మకు చూపు పోయింది. బీడీలు చుట్టిన వేళ్లతో రిమోట్ తడుముకుని ఒకటి మాత్రం నొక్కగలదు. ఇన్నాళ్లూ మా చానల్ ఒకటి మీదే వచ్చేది. పొద్దున ఎనిమిదింటికి అందులో మావాళ్లు ఊళ్లో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఎవరూ పోకపోతే సన్నాయి వేస్తారు. సన్నాయి వినిపిస్తే అమ్మ నిమ్మళంగా చాయ్ తాగుతుంది.

కోరుట్లలో మీటింగు. సిరిసిల్లాయనకు కేబుల్‌తో పాటు సాంచాలు, అంటే మరమగ్గాలు కూడా ఉన్నాయి. "ఊరూరికి బట్ట నేసేటోళ్లం. ఒకటి మాదే" అన్నాడు.

"బట్టకు, టీవీకి ఏం సంబంధమే అన్నా?" అన్నాను.

కోరుట్లాయనకు దుఃఖం ఆగలేదు. "మీ రెండు ఊర్లు జిల్లాలైనయి. మాకు జిల్లా ఇయ్యలే, గీ నంబరన్న ఇయ్యరా?" అని నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

వారానికొక ఊరికి తిప్పుదామనుకున్నాం. అమావాస్య పడే వారం మాకొద్దంటే మాకొద్దని అదీ చెడింది.

నేను అమ్మ సంగతి చెప్పాను. సిరిసిల్లాయన నవ్వాడు. "మీ అమ్మ ఒక్కదాని కోసం స్టాండర్డ్ మారుస్తరా అక్కా?"

నాకు ఒళ్లు మండింది. "అయితే ఎవ్వలకు వద్దు! ఒకట్ల సన్నాయి ఏసి ఇడిసిపెట్టుండ్రి!" అని అరిచాను.

ఇద్దరూ చప్పట్లు కొట్టారు. బిర్యానీ తెప్పించారు. అదే స్టాండర్డ్ అయిపోయింది. మా చానల్‌కు ఏడువందల రెండు దక్కింది. నా నోరే నా కొంప ముంచింది.

అమ్మకు మూడంకెలు నేర్పాలనుకుంటూనే, పెట్టె పనిచేయట్లేదని ఫోన్లు చేసేవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగాను. మా చానల్‌లో ఏం చదువుతున్నారో కూడా చూడలేదు. నాలుగో రోజు, అమ్మతో కలిసి ఏండ్ల తరబడి బీడీలు చుట్టిన ఆమె కొడుకు ఫోన్ చేశాడు.

"మొన్న మా అమ్మ పోయిందక్కా. టీవీల గూడ ఏయించినం. కడసూపుకు మీ అమ్మ రాకపాయె?"

ఇంటికి పరిగెత్తాను. అమ్మ సన్నాయి వింటూ కూర్చుంది. "నాలుగు దినాలాయె బిడ్డా, ఊళ్లె ఎవ్వలు పోలే. అందరు సల్లగున్నరు" అంది.

పక్కన కూర్చుని, చేయి పట్టుకుని చెప్పాను.

"టీవీల చెప్పలే గదనే" అంది. నమ్మలేదు. కాసేపటికి నా చేయి విడిపించుకుంది.

"టీవీ నీదే గద. నాకెందుకు చెప్పలే?"