మట్టగిడసల కుండ

నాంచారమ్మ నిమ్మళంగా కూర్చోగా ఆ కొల్లేటి లంకలో చూసినవాళ్ళు లేరు. అన్నం తింటూ తింటూ లేచి వల సర్దుతుంది. వల అల్లుతూ అల్లుతూ లేచి పొరుగింటి తగువు తీర్చి వస్తుంది. పురుడు పోసుకున్న అయిదో రోజునే దోనె ఎక్కిందనీ, మొగుడు పోలయ్య ఆవిణ్ణి తిడుతూనే తెడ్డు అందించాడనీ లంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పోలయ్య పోయి ఆరేళ్ళయింది. తిట్టే మనిషి లేకపోయేసరికి ఆవిడ కాళ్ళకి మరీ అదుపు లేకుండా పోయింది.

పిల్లల్లో ఆవిడకి మిగిలింది నూకాలమ్మ ఒక్కతే. తాడేపల్లిగూడెంలో గూడ్సు షెడ్డు దగ్గర బస్తాలు మోసే పెద్దింటయ్యకిచ్చి చేసింది. నూకాలమ్మ మొదటి రెండు పురుళ్ళూ పుట్టింట్లోనే పోసుకుంది. రెండుసార్లూ పాలు పడలేదు. ఇద్దరు బిడ్డలూ పదో రోజు చూడకుండానే పోయారు. ఆ ఇల్లు అచ్చిరాలేదని మూడోసారి గూడెంలోనే ఉంచేశారు. అది ముప్పయ్యారో సంవత్సరం, శ్రావణమాసం. బిడ్డ పుట్టిన ఏడో నాటి సాయంత్రం పడవ మీద వచ్చిన మనిషి ఒకడు అల్లుడి కబురు చెప్పాడు. పుట్టింది ఆడపిల్లట. ఈసారీ పాలు లేవట. బిడ్డ ఏడుపు సన్నబడిపోతోందట.

కొల్లేటి ఆడవాళ్ళకి దీనికి తెలిసిన మందు ఒకటే. బతికున్న మట్టగిడసని కోసి, మిరియాలూ వెల్లుల్లీ వేసి పులుసు కాచి బాలింత చేత తాగిస్తే పాలు పడతాయి. చచ్చిన చేప పనికిరాదు. నాంచారమ్మ తెల్లవారకముందే బురదలో చేతులు పెట్టి ఏడు చేపలు పట్టింది. కుండలో ఇంత బురదా, నాలుగు వేళ్ళ నీళ్ళూ పోసి వాటిని అందులో వేసి, మూతికి తడిగుడ్డ కప్పింది. మట్టగిడసతో ఓ తంటా ఉంది. అది నీళ్ళలోనే ఉన్నా, పైకి వచ్చి గాలి పీల్చుకోకపోతే బతకదు. అందుకని దారి పొడుగునా ఆ గుడ్డ ఎత్తుతూ ఉండాలి.

ఇంకోమాట కూడా ఆవిడ గట్టిగా అనుకుంది. పురిటిరోజులు గడిచేదాకా బిడ్డ ఊసు బయటివాళ్ళ దగ్గర ఎత్తకూడదని. పోయిన రెండుసార్లూ మనవడు, మనవడు అంటూ లంకంతా చాటుకుంది. ఈసారి ఎవరు అడిగినా నోరు విప్పదు.

దోనె మీద గట్టుకు చేరి, గుండుగొలను దగ్గర రోడ్డెక్కేసరికి బారెడు పొద్దెక్కింది. వానలకి రైలుకట్ట కోసుకుపోయి ప్యాసింజరు ఆగిపోయింది. ఊరి అవతల చప్టా మీద మోకాటిలోతు నీరు పారుతోందని బస్సులూ రావడం లేదు. నడిచిపోతే సాయంత్రానికి గాని గూడెం చేరదు. అంతసేపు చేపలు ఉండవు. చేపల సంగతి సరే, బిడ్డ ఉండొద్దూ?

చప్టా ఇవతల ఒక అద్దె కారు ఆగి ఉంది. డ్రైవరు క్రీస్తుదాసు నీళ్ళ కేసి చూస్తూ బుర్ర గోక్కుంటున్నాడు. వెనక సీట్లో ఏలూరు బట్టల వ్యాపారి లక్ష్మీనారాయణగారూ, ఆయన భార్య వెంకటరమణమ్మగారూ కూర్చున్నారు. వాళ్ళ అమ్మాయి బాలసరస్వతిని గూడెంలో ఇచ్చారు. ఆ రోజు ఆ అమ్మాయి సీమంతం. పదకొండు గంటలకి ముహూర్తం. కారు నిండా సారె బుట్టలూ, గాజుల పెట్టెలూ, పళ్ళూ.

"నీళ్ళ కింద రోడ్డెక్కడుందో తెలీట్లేదండి. చక్రం పక్కకి జారిందంటే కొల్లేట్లో తేలతాం," అన్నాడు క్రీస్తుదాసు.

"నేను ముందు నడుస్తాను, నా ఎనకాలే తోలు నాయనా. అవతలికి చేరితే నన్ను గూడెం దాకా ఎక్కించుకోవాలి," అంది నాంచారమ్మ.

లక్ష్మీనారాయణగారు గడియారం చూసుకుని తల ఊపారు. ఆవిడ కుండ నెత్తిన పెట్టుకుని, కాలి బొటనవేలితో కంకర తడుముకుంటూ ముందు నడిచింది. కారు ఆవిడ వెనకే నత్తలా పాకింది. అవతలి ఒడ్డు ఎక్కాక వెంకటరమణమ్మగారు చీరె కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుని తన కాళ్ళ దగ్గర చోటిచ్చారు. నాంచారమ్మ కుండ ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది.

కారు ఎక్కడం ఆవిడకి అదే మొదలు. కుడిచేతి వైపు పొలాల అంచున కొల్లేరు తెల్లగా పరుచుకుని ఉంది. గూడబాతులు గుంపులుగా లేచి మళ్ళీ వాలుతున్నాయి. ఎడమ పక్క కాలువలో పడవని తాడు కట్టి లాగుతున్న మనుషులు కారు కేసి తలలు తిప్పి చూశారు. భీమడోలు వచ్చింది, అంగళ్ళు చూసేలోపే పోయింది. ఇంకెవరైనా అయితే మురిసిపోయేవారు. ఆవిడకి మాత్రం కారు కదలనట్టే ఉంది. తను దిగి నడిస్తే ఇంతకన్నా ముందే చేరతాననిపించింది. పిచ్చి ఊహ అని తెలుసు, అయినా పాదాలు ఊరుకోలేదు.

"ఏవమ్మా, ఏమిటా కుదుపు? కుండలో ఏముంది, గడియ గడియకీ గుడ్డ ఎత్తుతున్నావు?" అన్నారు వెంకటరమణమ్మగారు.

"నీళ్ళండి అమ్మగారు."

నీళ్ళలోంచి తోక ఒకటి ఠపీమని కొట్టింది. నాలుగు బురద చుక్కలు పట్టుచీరె మీద పడ్డాయి. వెంకటరమణమ్మగారు కెవ్వుమన్నారు. లక్ష్మీనారాయణగారు కుండలోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నారు.

"చేపలా! శుభమా అని సీమంతానికి పోతుంటే కార్లో చేపలా! ఆపు, దాసూ. దీన్ని దింపెయ్!"

"నీళ్ళు దాటించుకున్నప్పుడు నా కుండ అడ్డం రాలేదాండి?" అంది నాంచారమ్మ. మాట మెత్తగానే ఉంది. కళ్ళే మెత్తగా లేవు.

లక్ష్మీనారాయణగారు పోనిమ్మన్నట్టు దాసుకి చెయ్యి ఊపి, బయటికి తిరిగి కూర్చున్నారు. ఆయన భార్య మాత్రం కుండలోకి చూస్తూ ఉండిపోయారు. ఒక చేప పైకి వచ్చి, నోరు తెరిచి, గాలి మింగి కిందికి పోయింది.

"ఎవరికే ఇవి?"

"మా అమ్మాయికండి."

"ఎందుకు?"

నాంచారమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసింది. "కూరకండి," అంది.

కూరకి! వెంకటరమణమ్మగారి మనసు చివుక్కుమంది. బాలసరస్వతికి కిందటేడు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల దాకా వచ్చింది. తల్లి చెయ్యని నోము లేదు. బిడ్డని చల్లగా చూడమని దేవుడికి మొక్కుకుంటూ పోతున్న పూట, ఒకరి నోటి రుచి కోసం చావబోయే ఏడు ప్రాణాలు తన కాళ్ళ దగ్గరే గాలికోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

"నీకు సారెలోంచి మంచి చీరె ఇస్తానే. వీటిని నాకిచ్చెయ్, కాలువలో వదిలేస్తాను."

"పట్టుచీరె ఇచ్చినా ఇవ్వనండి," అని నాంచారమ్మ కుండని పొట్టకి అదుముకుంది.

పూళ్ళ దాటి, కైకరం ఇంకా రాకముందే టైరు ఢామ్మంది. క్రీస్తుదాసు దిగి చక్రం విప్పడం మొదలుపెట్టాడు. నాంచారమ్మ దిగింది, కారు చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది. "ఇంకా ఎంతసేపు నాయనా" అని నాలుగుసార్లు అడిగింది. ఇంతలో గూడెం వైపు నుంచి బస్తాల బళ్ళు రెండు వస్తూ కనిపించాయి. గూడ్సు షెడ్డు దగ్గర్నుంచే అయి ఉంటాయి. పెద్దింటయ్యని ఎరిగినవాళ్ళేమో! కుండ కారు నీడలో దించి, గుడ్డ వదులు చేసి పరిగెత్తింది.

బళ్ళవాళ్ళు పెద్దింటయ్యని ఎరుగుదురు. "రెండు రోజులుగా పనిలోకి రాలేదమ్మా" అన్నారు. అంతకుమించి వాళ్ళకి తెలియదు. బిడ్డ ఉంటే పనిలోకి ఎందుకు రాడు? లేకపోతే ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా? నాంచారమ్మ అదే తలపోసుకుంటూ వెనక్కి వచ్చింది.

వెంకటరమణమ్మగారు కాలువ గట్టున నిలబడి దండం పెట్టుకుంటున్నారు. కుండ ఆవిడ పక్కనే బోర్లించి ఉంది.

"వదిలేశానే! తప్పుగా అనుకోకు. ఏడూ ఎంత చక్కగా ఈదుకుంటూ పోయాయనుకున్నావు! ఈ పుణ్యంలో నీకూ వాటా ఉంటుంది."

నాంచారమ్మ కుండ కేసి చూసింది. కాలువ కేసి చూసింది. గట్లొరుసుకుని పారుతున్న ఆ నీళ్ళలో చేప కాదు, పడవ మునిగినా దొరకదు. అప్పుడు ఆవిడ ఎలుగెత్తి అరిచింది.

"పుణ్యమా! ఎనిమిది రోజుల బిడ్డ అమ్మగారూ! పాలు లేక ఎండిపోతంది! ఇద్దర్ని ఇలాగే మట్టిలో పెట్టాం. ఆ చేపల పులుసు తాగితేనే మా అమ్మాయికి పాలు పడేది. మీరు వదిలింది చేపల్ని కాదండి, నా మనవరాల్ని వదిలేశారు!"

వెంకటరమణమ్మగారి మొహం పాలిపోయింది. "కూరకన్నావు కదే," అన్నారు, వినీ వినపడకుండా. "ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పనండి! చెప్పుకున్న ప్రతిసారీ పోయారు!"

ఆవిడ నేల మీద చతికిలబడలేదు, ఏడుస్తూ కూర్చోలేదు. ఏడుస్తూనే రోడ్డుకి ఆ పక్కకి దాటింది. పొలం అంచున బోదె ఒకటి ఉంది, తీస్తున్న వరదనీటితో మోకాటిలోతు. ఆవిడ దాంట్లో దిగి, చేతులతో బురద ఎత్తి అడ్డంగా కట్ట వేసింది. నాలుగు బారల అవతల ఇంకో కట్ట. ఆ మధ్య నీళ్ళు తోడేస్తే అడుగున ఉన్న చేప బయటపడుతుంది. లంకలో ఈ పని పదిమంది కలిసి చేస్తారు. ఇక్కడ ఒక్కతే, కుండతో తోడుతోంది.

క్రీస్తుదాసు చక్రం బిగించడం ముగించి, నీళ్ళ డబ్బా పట్టుకుని బోదెలోకి దూకాడు. "నువ్వు కట్ట చూసుకో పిన్నీ, నేను తోడతాను."

"దాసూ! పది దాటింది! ముహూర్తం!" అని రోడ్డు మీంచి లక్ష్మీనారాయణగారు కేకలేశారు. అటు భార్య కేసి తిరిగారు. ఆవిడ సారె బుట్ట విప్పుతున్నారు. కూతురికోసం చేయించిన వెండి చెంబు బయటికి తీశారు.

"ఏమే, ఏమిటా పని?"

"ఏవండీ, మీరు మాట్లాడకండి," అన్నారు ఆవిడ. పట్టుచీరె మోకాళ్ళ దాకా ఎగదోపుకుని బోదెలో దిగారు.

ముగ్గురూ తోడారు. ఒకసారి కట్ట తెగింది, మళ్ళీ వేశారు. లక్ష్మీనారాయణగారు గడియారాన్ని చూసి, చూసి, చివరికి జేబులో పెట్టేసుకున్నారు. ఆయన చేసిన సాయం అంతే, అయినా అది చిన్న సాయం కాదు. నీరు పాదాల కిందికి దిగాక నాంచారమ్మ బురదలో మోచేతుల దాకా చేతులు పెట్టింది. ఒకటి దొరికింది. చాలాసేపటికి రెండోది. తర్వాత ఎంత తడిమినా నత్తలూ గడ్డీ తప్ప ఇంకేమీ లేవు.

"రెండు చాలవా?" అన్నారు వెంకటరమణమ్మగారు.

"ఒక పూటకండి. రేపటికి?"

అప్పుడు వెంకటరమణమ్మగారి కాళ్ళ దగ్గర బురద కదిలింది. అరచేయంత పొడుగున్న మట్టగిడస ఒకటి పైకి లేచి, కట్ట మీదుగా అవతలి నీళ్ళ కేసి పాకుతోంది. నాంచారమ్మ ఆ చివరన ఉంది. క్రీస్తుదాసు డబ్బాతో వంగి ఉన్నాడు. చేప కట్ట అంచుకి చేరింది. ఇంకొక్క మెలిక తిరిగితే పోతుంది, దాని ప్రాణం దానికి దక్కుతుంది.

పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టుకోని ఆ మనిషి రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టారు. అది జారింది. మళ్ళీ పట్టారు. బురదలో మోకాళ్ళ మీద పడి గుండెలకి అదుముకున్నారు. చేప ఆవిడ చేతుల్లో కొట్టుకుంటోంది. కళ్ళు గట్టిగా మూసుకుని "పట్టుకున్నానే, పట్టుకున్నాను, కుండ తే" అని ఏడుస్తూ అరిచారు.

కారు మళ్ళీ కదిలింది. ఉంగుటూరు, చేబ్రోలు దాటిపోయాయి. ఈసారి కుండ వెంకటరమణమ్మగారి పక్కన సీటు మీదే ఉంది. కారు గూడెం చేరేసరికి పన్నెండు కావస్తోంది. వీధి మొగలో వియ్యాలవారి మనుషులు కారు కోసం ఎదురుచూస్తున్నారు.

"ముందు గూడ్సు షెడ్డు దగ్గరికి పోనీ, దాసూ," అన్నారు వెంకటరమణమ్మగారు.

కూలీల పాకల వరస దగ్గర కారు ఆగింది. మూడో పాక ముందు పెద్దింటయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాంచారమ్మ దిగింది గాని అడుగు వెయ్యలేకపోయింది. వెంకటరమణమ్మగారు కుండ పట్టుకుని ఆవిడ వెనకే దిగారు. ఇద్దరూ ఆ ఎండలో చెవులు రిక్కించి నిలబడ్డారు. క్రీస్తుదాసు ఇంజను ఆపేశాడు.

మొదట ఏమీ వినపడలేదు. తర్వాత పాక లోపలినుంచి, పిల్లికూన మూలిగినట్టు, సన్నగా ఒక ఏడుపు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"ఉందండీ!" అంది నాంచారమ్మ, వీధి వీధంతా వినపడేటట్టు. "నా మనవరాలు ఉందండీ, అమ్మగారూ! ఏడుస్తందండీ!"

"ఏడవనీ, తల్లీ, ఏడవనీ," అన్నారు వెంకటరమణమ్మగారు, బురద చేతులతో కుండ అందిస్తూ. "నువ్వు పో, పొయ్యి రాజెయ్యి."