పాత బిల్డులు ఎన్ని ఉంచాలి?

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటే తిట్టేవాళ్లకు కాస్త పని తగ్గుతుంది.

ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మిద్దె మీద మా ఆఫీసు. లారీలను తూచే కాటాలకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ కాటా దగ్గరి కంప్యూటర్‌లో ఎక్కించడానికి ఒక కట్ట తయారవుతుంది. దాన్ని బిల్డు అంటారు. ఆ కట్టలు కట్టే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాదు హెడ్డాఫీసు పంపింది. అందులో 'పాత బిల్డులు' అని ఒక గడి. పక్కనున్న ప్రశ్నగుర్తు నొక్కితే సాయం వస్తుంది: 'ఉంచవలసిన సంఖ్య ఇవ్వండి.' అంతే సాయం. మిగతావి ఏమైపోతాయో, కాటాల్లో ఇంకా నడుస్తున్నవాటి గతేమిటో ఒక్క ముక్క లేదు.

నేను 'ఒకటి' అని కొట్టాను.

ఇంకొకడైతే పదో ఇరవయ్యో పెట్టేవాడు. నేను పులివెందుల పక్కన పుట్టినవాణ్ణి. మా ఇంట్లో కాగితం మిగలనిచ్చేవాళ్లు కాదు. ఎవరి పెళ్లికి పోయామో చెప్పే శుభలేఖ, ఏ పూట ఏ ఊళ్లో ఉన్నామో చెప్పే బస్సు టికెట్టు, ఇద్దరు పక్కపక్కన నిలబడిన ఫోటో, ఏది ఏ పార్టీ చేతిలో పడి ఎవరి మెడ మీదికి తెస్తుందో తెలియదని మా అమ్మ వారానికోసారి అన్నీ నీళ్లపొయ్యిలో వేసేది. ఆ నీళ్లతో స్నానం చేసి పెరిగిన నాకు ఒకటి ఉంచడమే ఎక్కువనిపించింది.

అది ఎన్నికలు దగ్గరపడిన ఏడాది. పులివెందుల దారిలో, పొద్దున పది గంటలకు, ఒక పార్టీ మనిషిని జీపులోంచి దించి నరికారు. తల కోసం అర ఫర్లాంగు వెతికారట. నరికినవాళ్లు నలుగురు. ఫిర్యాదులో రాసిన పేర్లు పదకొండు. మిగతా ఏడూ ఎదుటి పార్టీ ఊళ్లో ఎవరెవరు గుర్తొస్తే వాళ్లవి. ఫిర్యాదులు అట్లాగే రాసేవాళ్లు అప్పట్లో. ఎనిమిదో పేరు ఒక లారీ డ్రైవరుది. ఆ గంటకు అతను నాపరాళ్ల లోడుతో జమ్మలమడుగు కాటా మీద ఉన్నాడు.

మూడు వారాలు తలదాచుకుని మా మిద్దె ఎక్కాడు.

"అప్పా, నా లారీ కాటా ఎక్కిన టైము మీ మిషన్లో ఉంటాదంట. తీసియ్యి. పోలీసోళ్లకన్నా ముందు సచ్చినోని పార్టీవాళ్లు నన్ను ఎతుకుతాండారు. కేసులో పేరు పోతే వాళ్ల పెద్దమనిషి నన్ను వదిలేస్తానన్నాడు."

"కాటా చీటీ ఇచ్చింటారు కదన్నా?"

"కాల్చేస్తి. అట్లాటివి ఇంట్లో పెట్టుకోం."

మాకు చుట్టరికం లేదు గానీ, పొయ్యి ఒకటే.

కాటాల రికార్డులు వారం వారం ఫ్లాపీల్లో మాకు వచ్చేవి. జమ్మలమడుగుది తెరిచాను. తెర నిండా పిచ్చిగీతలు. ఆ మూడు వారాల్లోనే ప్రోగ్రాం రెండుసార్లు మార్చాం. పాత రికార్డును పాత బిల్డు తప్ప ఏదీ చదవలేదు. పాత బిల్డేమో, నా మాట అక్షరాలా పాటించి, చెరిగిపోయింది. ఇన్నాళ్లూ ఊళ్లో నా బిల్డప్పే గానీ, అవసరానికి బిల్డు లేదు.

ఆ సాయపు వాక్యం రాసిన హెడ్డాఫీసు పెద్ద సారుకు ఫోన్ చేశాను.

"అక్కడ రాసే ఉంది కదండీ, చదువుకోవాలి. మీ సీమవాళ్లకు కత్తులు తప్ప అక్షరాలు పట్టవా ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నెలజీతగాణ్ణి.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం జమ్మలమడుగు కాటాకు పోయాం, అక్కడి కంప్యూటర్‌లో ఏ మూలైనా పాతది మిగిలిందేమోనని. నేను వెతుకుతున్నాను. అతను తలుపు పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. సుమో ఆగిన చప్పుడు. మొదటి బాంబు కాటా మీద పేలింది. కిటికీ అద్దం, మేకులు, గాజుపెంకులు గది నిండా లేచాయి. ఆ తర్వాత చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. బల్ల కిందికి ఎట్లా దూరానో నాకే తెలియదు. ఇద్దరు వేటకొడవళ్లతో లోపలికి వచ్చారు. మెడకు వచ్చిన దెబ్బకు అతను కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. అది మణికట్టు దగ్గర తెగి నా మోకాలి పక్కన పడింది. వేళ్లు ఇంకా కదులుతున్నాయి. రెండో దెబ్బ భుజంలో దిగింది. మూడోది పడేలోపు బయటి హమాలీలు నాపరాతి ముక్కలు విసరడం మొదలుపెట్టారు. కొడవళ్లవాళ్లు సుమో ఎక్కి పోయారు.

చొక్కా విప్పి అతని మణికట్టుకు బిగించాను. ముడి హమాలీ ఒకాయన వేశాడు.

"నన్ను కాదప్పా, టైము సూడు," అన్నాడు డ్రైవరు.

అతన్ని ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చి, రక్తం బనీనుతోనే, ఫ్లాపీ పట్టుకుని కమలాపురం పోయాను. అక్కడి కాటా గుమాస్తా మహా బద్ధకస్తుడు. కొత్త బిల్డు పంపితే ఎక్కించుకోడు. నేను తిట్టని వారం లేదు. ఆ రోజు వాటేసుకున్నాను. అతని కంప్యూటర్‌లో మిగిలిన పాత బిల్డులో రికార్డు తెరుచుకుంది. లారీ నంబరు, పది గంటల ఎనిమిది నిమిషాలు.

కేసులోంచి పేరు తీసేశారు. ఎదుటి పెద్దమనిషి మాట నిలబెట్టుకున్నాడు. స్టీరింగు పట్టే చెయ్యి పోయింది కాబట్టి కాటా యజమాని అతన్ని గుమాస్తాగా కూర్చోబెట్టాడు.

నేను ఆ వాక్యం మార్చమని ఉత్తరాలు రాశాను. 'ఇక్కడ ఇచ్చిన సంఖ్యకు మించిన పాత బిల్డులు చెరిగిపోతాయి. కాటాల్లో నడుస్తున్నవైనా సరే. మళ్లీ రావు. ఖాళీగా వదిలితే ఏదీ చెరగదు.' పొడవైందని పెద్ద సారు తిప్పి పంపాడు. ఏడాదికి హెడ్డాఫీసులో కొత్త నియమం వచ్చింది: సాయపు రాతలను రాసినవాళ్లే స్వయంగా పోయి, కాటా మనిషికి చదివి వినిపించి, అర్థమైందని సంతకం తేవాలి. ఏ కాటాకు పోవాలో చెప్పే పని నాకు పడింది.

పెద్ద సారును జమ్మలమడుగుకు రమ్మన్న రోజు పొద్దున, ఆ కాటాలో టీ తాగుతూ డ్రైవరుకు నా నాలుగు వాక్యాలూ చూపించాను. ఒక్కసారికే అర్థమైందన్నాడు.

"అన్నా, ఆయన ఇంత మాత్రం రాసేదాకా నీకేమీ అర్థం కాకూడదు," అన్నాను.

పెద్ద సారు వచ్చి తన వాక్యం చదివాడు.

"అర్థం కాల్యా సార్."

"ఎన్ని ఉంచాలో చెప్పమంటున్నామండీ."

"మిగతాయి యాడికి పోతాయి సార్?"

"చెరిగిపోతాయి."

"ఆ మాట ఈడ రాయల్యా."

"అది మనమే తెలుసుకోవాలండీ."

"ఎట్ల తెలుసుకోవాల సార్?" అంటూ అతను మొండి మణికట్టు తెచ్చి బల్ల మీద, ఆ కాగితం పక్కన పెట్టాడు. పెద్ద సారు దాన్ని చూసి, నన్ను చూసి, పెన్ను తీసి రెండో వాక్యం రాశాడు.

"ఇంగోసారి సెప్పు సార్," అన్నాడు డ్రైవరు.

హైదరాబాదు బస్సుకు ఇంకా నాలుగు గంటలుంది. నేను అందరికీ టీ చెప్పాను.