గాలి బరువు చూసిన టీచరమ్మ

భోగాపురానికి తూర్పున, సముద్రపొడ్డు పల్లెలో జ్ఞానసుందరి మిషన్ బడి టీచరమ్మ. ఊరు విడిచి వెళ్ళిపోతూ మిషన్ డాక్టరమ్మ ఆమెకి ఒక బారోమీటరు ఇచ్చింది. గుండ్రటి ఇత్తడి డబ్బా, అద్దం కింద ఒక ముల్లు. గాలి బరువు తగ్గితే ముల్లు దిగుతుందనీ, గబగబా దిగితే తుపాను భయమనీ చెప్పి మరీ ఇచ్చింది.

పంతొమ్మిది వందల అరవయ్యేడులో ఒకసారి ముల్లు గబగబా దిగింది. చేపల వేటకి వెళ్ళొద్దని ఆమె చెబితే, పల్లెపెద్ద అసిరయ్య నమ్మి అందరినీ ఆపాడు. తుపాను ఒడిశా వైపు మళ్ళిపోయింది. ఇక్కడ చినుకు రాలలేదు. పక్కపల్లె వాళ్ళు నావల నిండా చేపలు తెచ్చుకున్నారు. అసిరయ్య భార్య గున్నమ్మ బడి వాకిట్లో నిలబడి టీచరమ్మని నాలుగు దులిపేసింది.

మరుసటేడు ముల్లు మళ్ళీ దిగింది, ఈసారి ఇంకా జోరుగా. ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంది. మళ్ళీ మాట తప్పైతే బడికి పిల్లల్ని పంపరేమోనని జ్ఞానసుందరి భయపడింది. అయినా చెప్పులేసుకుని ఒడ్డుకి నడిచింది.

నావల్ని నీళ్ళలోకి తోస్తున్నారు. అసిరయ్య ఆమెని చూసినా తోయడం ఆపలేదు.

“కిందటేడు నీ మాట ఇన్నాం టీచరమ్మా. పిల్లలు గంజి తాగి పడుకున్నారు.”

“నిజమే. ఈసారీ నేను తప్పు కావొచ్చు. కానీ సముద్రం మీద ఎక్కడో గాలి తేలికైపోయింది అసిరయ్యా. నీరు పల్లానికి పారినట్టే, చుట్టూ ఉన్న బరువు గాలి అటు ఉరుకుతాది. ఎంత తేలికైతే అంత ఉరుకు.”

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నావెక్కి కూర్చుంది.

“ఎల్తే నన్నూ తీసుకుని ఎల్లండి.”

అసిరయ్య సముద్రం కేసి చూశాడు. గాలి లేకుండానే అలలు బారుగా, బరువుగా వస్తున్నాయి. పొద్దుటినుంచీ అతనికీ అనుమానంగానే ఉంది. ఇంట్లో గింజల్లేక నోరు మెదపలేదు. తెడ్డు ఇసకలో గుచ్చి, నావల్ని సరుగుడు తోటలోకి లాగించాడు.

పొద్దుగూకే వేళకి ఈశాన్యం నుంచి గాలి విరుచుకుపడింది. తాటాకు కప్పులన్నీ లేచిపోయాయి. ఊరంతా బడిలోనే తలదాచుకుంది. గున్నమ్మ ఇల్లు నేలమట్టమైంది గానీ ఊళ్ళో ఒక్క మనిషీ పోలేదు.

ఆ తరవాత కూడా ముల్లు దిగినప్పుడల్లా జ్ఞానసుందరి ఒడ్డుకి వెళ్ళింది. కొన్నిసార్లు తుపాను వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. రానినాడు తిట్లు తిని, తలవంచుకుని బడికొచ్చి పాఠం చెప్పుకుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వెళ్ళడం మాత్రం మానలేదు.