మేడ మీద వెండి తళుకుల దండ

మా ఆయన పోయిన ఏడాదికే నేను కంచన్‌బాగ్ అవతల ఒక ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరాను. అక్కడ మేడ మీద సిమెంటు దిమ్మెకు బిగించి, గిన్నె బోర్లించినట్టు ఒక తెల్లటి యాంటెన్నా ఉండేది. ఉపగ్రహాలు పంపే సిగ్నల్ పట్టుకొని, తానున్న చోటు ఏమాత్రం కదిలినా చెబుతుందట. దక్షిణ ధ్రువంలో మంచు కరిగి బరువు తగ్గితే అడుగున బండ పైకి లేస్తుందని, ఆ లేవడం ఏడాదికి బియ్యపు గింజంతేనని, దాన్ని కొలవడానికే ఇది ఓడెక్కుతుందని అక్కడ పరిశోధన చేసే అమ్మాయి చెప్పింది. ముందు మా మేడ మీద నెల రోజులు లెక్క తప్పకుండా ఉండాలి. అదే దానికి పరీక్ష.

దసరాకు ఆయుధపూజ చేశారు. కంప్యూటర్లకు, జీపుకు, ఆఖరికి నా చీపురుకు కూడా బొట్టు పెట్టారు. నన్ను మాత్రం కుంకుమ పళ్లెం ముట్టనివ్వలేదు, మొగుడు పోయినదాన్ని కదా. మేడ మీదిదాన్ని అందరూ మరిచారు. అంత దూరం పోయేది ఉత్తగా ఎలా పోతుంది? ఎవరూ చూడకుండా ఎక్కి బొట్టు పెట్టాను, వెండి తళుకుల దండ చుట్టాను. రెండు రోజులయ్యాక ఊడ్చేటప్పుడు తీసేశాను.

యాంటెన్నాను పెట్టె కట్టాల్సిన రోజు పెద్దసారు గదిలో లొల్లి. నేను నీళ్ల సీసాలు పెడుతున్నాను.

"పండగకు రెండు రోజులు కుంగినట్టు చూపెట్టింది, మల్ల లేసినట్టు చూపెట్టింది. గిట్లాంటిదాన్ని ఎట్ల పంపుతం?" అన్నాడు సారు.

"వేరేది లేదు సార్. ఈ ఓడ పోతే మల్ల ఏడాదికే." అంది అమ్మాయి.

దండ ఉన్నదీ ఆ రెండు రోజులే. చెబితే పని పోతుంది. పని పోతే నాకు ఇంకో ఆధారం లేదు. సీసా మూత బిగిస్తూనే ఉన్నాను, అది ఎప్పుడో బిగిసింది.

"సార్, దానికి దండ కట్టింది నేనే."

తలుపు దగ్గర సూపర్‌వైజర్ ఎగిరిపడ్డాడు. "నీకెవరు చెప్పిండ్రు? నువ్వు ముట్టుకుంటే కుంగదా మరి! రేపట్నుంచి రాకు."

"ఆగవయ్యా," అన్నాడు సారు. "దండ ఏదమ్మా?"

సామాన్ల గదిలోంచి తెచ్చిచ్చాను. సారు దాన్ని సూపర్‌వైజర్ చేతిలో పెట్టాడు. "పో, నువ్వు కట్టు."

"నేనా సార్?"

"నీ చెయ్యి మంచిదే గదా."

కట్టి వచ్చాడు. గంట సేపు అందరం కంప్యూటర్ చుట్టూ నిలబడ్డాం. తిన్నగా వస్తున్న గీత చెదిరింది. దండ తీయించారు, సర్దుకుంది.

"తళుకు రేకులు తగిలి సిగ్నల్ అడ్డదిడ్డం వస్తున్నది, గంతే. యాంటెన్నా మంచిగున్నది. పెట్టె కట్టుండ్రి," అన్నాడు సారు.

అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. సూపర్‌వైజర్ చేతులకంటిన తళుకు దులుపుకుంటూ గోడ వైపు చూశాడు.

"రేపు ఎనిమిదింటికే రా," అన్నాడు.