గరిటె దించని అక్క

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లివే నువ్వు అనేది మా అమ్మ. అలాంటిదాన్ని, తుఫాను తీరం దాటిన ఆ వారం ఎలా ఉండి ఉంటానో మీరే ఊహించుకోండి. ఆఫీసులో సిస్టం ముందు కాసేపు కూర్చోవడం, లేచి కిటికీ దగ్గరికి పోయి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆగిపోయిన బళ్ళను చూడడం, మళ్ళీ వచ్చి ఫోన్ తీయడం. మేనేజర్ రెండుసార్లు నా వైపు చూశాడు. చూస్తే చూశాడులే అనుకున్నాను.

అమీర్‌పేటలో మా హాస్టల్‌కి వంట చేసే అక్కది బందరు అవతల, సముద్రం ఒడ్డున ఊరు. భర్త చేపల వేటకు పోతాడు. ఆ వేట మీద ఇల్లు గడవక, అత్తగారిని ఆయన దగ్గర వదిలి ఆమె ఇక్కడికొచ్చి మాకు వండిపెడుతోంది. తుఫాను వస్తోందని ఊరంతా స్కూల్లోకి చేరుతుంటే, పడవను ఏట్లోకి లాక్కొచ్చి కట్టేస్తానని ఆయన ఒక్కడే వెళ్ళాడట. తిరిగి రాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి అత్తగారి ఫోను మూగబోయింది. తరవాత ఊళ్ళో ఎవరికి చేసినా స్విచాఫే.

మర్నాడు పొద్దున అక్క ఎప్పట్లాగే ఇడ్లీ పెట్టింది. చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది. వంకలు పెట్టడంలో ఆరితేరిన మా హాస్టల్ పిల్లలు ఆ రోజు కిమ్మనకుండా తిన్నారు. నాకు ఏడుపొచ్చింది.

“అక్కా, పోదాం పా” అన్నాను. “గీడ కూసొని ఫోన్ల మొకం చూస్తే ఏమొస్తది?”

“ఎట్టా పోతాం అమ్మాయ్? బస్సులు ఆపేశారంటగా.”

“డీసీఎం బండి మాట్లాడుదాం. బియ్యం, పప్పు జమచేసి మీ ఊరికే తీస్కపోదాం. ఆడికి పోతే సంగతేందో తెలుస్తది గద.”

అన్నాక ఇక ఆగేదాన్నా? మా సందులో హాస్టల్ కాని ఇల్లు లేదు, కోచింగ్ సెంటర్ లేని అంతస్తు లేదు. ప్రతి మెట్టూ ఎక్కాను. హాస్టళ్ళ వాళ్ళు స్టోర్‌రూముల్లోంచి బియ్యం బస్తాలు తీశారు. కోచింగ్ పిల్లలు దుప్పట్లు తెచ్చారు. మా హాస్టల్ ఆంటీ రెండు పెద్ద గుండిగలు, గ్యాస్ పొయ్యి ఇస్తూ “జాగ్రత్తగా తీసుకురండమ్మా, పెళ్ళిళ్ళ సీజన్లో అద్దెకు తెచ్చుకుంటే ఎంతవుతుందో మీకు తెలీదు” అంది. ఒక పిల్ల చిరిగిన లెగ్గింగులు మూటకట్టి తెచ్చింది. మెట్ల మీదే నిలబెట్టి కడిగేశాను. “నువ్వేసుకుంటవా గివి? వాళ్ళ ఇండ్లు పోయినయ్, సిగ్గు పోలే” అన్నాను. పాపం, ఏడ్చింది. కాసేపటికి వెళ్ళి కొత్త టవల్స్ కొనుక్కొచ్చింది. నా నోరు అంతే, ఏం చేయను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. డీసీఎం ముందు సీట్లో డ్రైవరన్న, నేను, అక్క. మా ఆఫీసు సెల్లార్లో టార్పాలిన్లు పెట్టించాను, అవి ఎత్తుకుంటే అయిపోతుంది అనుకున్నాను. పంజాగుట్టలో గేటు దగ్గర వాచ్‌మన్, సార్ వచ్చేదాకా ఏమీ ఇవ్వనన్నాడు. సార్ వచ్చేది పదింటికి! అరికాలి మంట నెత్తికెక్కింది. గేటు పట్టుకుని ఊపేశాను.

“మేడం, జర ఠండగ ఉండ్రి” అన్నాడు డ్రైవరన్న. “మీరు ఒర్లితే గేటు తెరుసుకుంటదా? దా భాయ్, చాయ్ తాగుదాం” అని వాచ్‌మన్ భుజం మీద చెయ్యేసి పక్క బండి దగ్గరికి తీసుకుపోయాడు. ఏం చెప్పాడో ఏమో, చాయ్ అయ్యేసరికి వాచ్‌మనే టార్పాలిన్లు మోసుకొచ్చాడు.

ఇంత రభస జరుగుతుంటే అక్క సీట్లోంచి కదల్లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నన్ను తిట్టినా బాగుండు అనిపించింది. దారి పొడుగునా నేనే వాగాను. పక్కకి జరిగాను, కాళ్ళు మార్చాను, ఫోన్ సిగ్నల్ చూశాను. బందరు దాటాక చెట్లు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. దిగి నడవడమే మేలేమో అని ఒకటికి పదిసార్లు అన్నాను. డ్రైవరన్న నాకు దండం పెట్టాడు.

ఊళ్ళో ఇళ్ళకి పైకప్పుల్లేవు. జనమంతా స్కూల్లో ఉన్నారు. అత్తగారు ఎదురొచ్చి, “వాడింకా రాలేదే” అంది. అంతే. అక్క తల ఊపింది. కొంగు నడుముకి దోపి, “పొయ్యి ఎక్కడ పెడదాం?” అని అడిగింది.

అప్పట్నుంచీ ఊరందరికీ ఆమే వండింది. నేను ఉల్లిపాయలు తరిగాను, నీళ్ళు మోశాను, కాస్త ఖాళీ దొరికితే ఒడ్డుకి పరుగెత్తి సముద్రం చూసొచ్చాను. నేను వచ్చిన ప్రతిసారీ అక్క నా మొహంలోకి చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె మళ్ళీ గుండిగలోకి చూసేది.

ఒక మధ్యాహ్నం, మడ అడవిలో వెతకబోయిన మగవాళ్ళు చెక్కలు మోసుకొచ్చి స్కూలు ముందు దించారు. ఆయన పడవవే. అత్తగారు వాటి పక్కన కూలబడి ఒక చెక్కను నిమురుతూ ఉండిపోయింది. ఊరి పెద్దాయన పొయ్యి దగ్గరికొచ్చాడు. అక్కకు వరసకి చినమామ.

“అమ్మా, ఇక నువ్వు పొయ్యి ముట్టకూడదు. మైల. ఇది పదిమంది తినే కూడు.”

చావు జరిగిన ఇంటివాళ్ళు దినాలు అయ్యేదాకా నలుగురికి వండరు, వాళ్ళ చేతి అన్నం ఎవరూ తినరు. మా ఊళ్ళోనూ అంతే. అంటే ఇప్పుడు గరిటె దించితే, మొగుడు పోయాడని అక్క తన నోటితో ఒప్పుకున్నట్టే. నేను నోరు తెరిచాను. డ్రైవరన్న అడ్డమొచ్చాడు.

“మేడం, గిది మన పంచాయితీ కాదు. మీ పుణ్యముంటది, ఊకోండ్రి.”

అక్క గొంతు పెంచలేదు. “మీరు తెచ్చింది చెక్కల్ని చినమావయ్యా, మనిషిని కాదు. మనిషిని చూపించండి, దించుతా” అంది. అని పప్పులో తాళింపు వేసింది.

వంటయింది. ఎవరూ రాలేదు. పళ్ళేలు పట్టుకుని లేచిన పిల్లల్ని తల్లులు రెక్క పట్టి వెనక్కి లాగారు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. నేను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాను. దాచడం నాకు రాదు, ఇక్కడే చెప్పేస్తాను: ఆయన రాలేదు. నేను హైదరాబాద్ తిరిగొచ్చాక, ఆయన ఇక లేడన్న కబురూ వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం అది ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో ఆయన బతికున్నాడా లేదా అన్నది ఆ అన్నం తినడం మీదే ఉంది.

ఉండబట్టలేక నేనే పళ్ళెం తీసుకుని వెళ్ళాను. “నాకు పెట్టక్కా.”

“నువ్వు తింటే ఏం లాభం అమ్మాయ్” అంది. ఆ మాట నిజమే. ఆ ఊరికి నేను ఎవరిని?

అప్పుడు లేచింది అత్తగారు. చెక్కల దగ్గర్నుంచి మెల్లగా నడిచొచ్చి, నా చేతిలో పళ్ళెం లాక్కుని అక్క ముందు పట్టింది.

“పెట్టవే.”

“వదినా...” అన్నాడు పెద్దాయన.

“కన్నదాన్ని నేను. నాకు లేని మైల మీకు ఎక్కడ్నించి వచ్చిందయ్యా?” అంది అత్తగారు. నిలబడే ముద్ద కలిపి, అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగడం మాత్రం చాలాసేపు పట్టింది.

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే, “పెట్టమ్మా” అన్నాడు. వెనకాల ఒక్కొక్కరే వచ్చి వరసలో కూర్చున్నారు.

అన్నాళ్ళూ మెతుకు కింద పడనివ్వని అక్క వడ్డన మొదలుపెట్టింది. అన్నం పళ్ళెంలో కంటే నేల మీదే ఎక్కువ పడుతోంది. నేను గరిటె అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.