నీలం అంకెలు

మా బావగారితో నేను నేరుగా మాట్లాడకూడదు. భర్త అన్నగారు ఎదురుపడితే తలుపు చాటుకు తప్పుకోవాలి, చెప్పాల్సింది ఏదైనా ఉంటే మా ఆయనతో చెప్పించాలి. అది మా అత్తవారింటి పద్ధతి. గోదావరి జిల్లా పల్లె నుంచి యానాం వచ్చి షాపు పెట్టుకున్నప్పుడు సామానుతో పాటు దాన్ని కూడా మూటగట్టి తెచ్చుకున్నారు. నేను డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు కూడా చేసి ఆ ఇంటికి కోడలినయ్యాను. అయినా నా మాట మా ఆయన నోట పడి బావగారిని చేరేసరికి సగం అయ్యేది. అలా సగమైన మాటవల్లే ఒకసారి మా మావగారికి అన్యాయం జరిగిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఫరంపేటలో మా ఇంటి ముందు గదే కూల్‌డ్రింకుల షాపు. అందులో ఒక మూల గోళీల మిషను ఉండేది. దాన్ని పిన్‌బాల్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మంచమంత పొడవు, కాళ్ళ మీద నిలబడి, పైన అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఇనప గోళీ లోపలికి దూసుకుపోయి, అడ్డమైనవన్నీ గుద్దుకుంటూ దొర్లుకొస్తుంది. అది కిందికి జారిపోకుండా పక్క బొత్తాలు నొక్కి రెండు రెక్కలతో పైకి కొట్టాలి. కొట్టిన కొద్దీ ఎదురుగా నిలువుగా ఉన్న పెట్టెలో స్కోరు వెలుగుతూ పెరుగుతుంది. పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి పింఛనుదారు ఇల్లు ఖాళీ చేస్తుంటే మావగారు దాన్ని కొని లారీలో వేయించుకొచ్చారట. అత్తగారు పోయాక ఆయనకు ఆ మిషనే తోడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపు ఖాళీగా ఉన్నప్పుడు, పంచె పైకి చెక్కి, కాసేపు ఆడేవారు. బాగా ఆడిన రోజున వంటింట్లోకి వచ్చి కాఫీ అడిగేవారు. సరిగా పడని రోజున అడిగేవారు కాదు. "ఈ పూట కాఫీపొడి మిగిలినట్టేనా మావయ్యగారూ" అని నేను ఆటపట్టిస్తే నవ్వేసేవారు.

ఎవరూ ఆడనప్పుడు ఆ మిషను, అంతవరకూ అందరికన్నా ఎక్కువ వచ్చిన స్కోరును తనంతట తనే చూపిస్తూ ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అది మావగారిదే. పెద్దాయన స్కోరు అనేవారు అందరూ. దాన్ని దాటినవాడికి గోళీసోడా ఊరికే ఇస్తామని షాపు గోడ మీద రాసి ఉండేది. యానాంలో మందు చవకని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే కుర్రాళ్ళు, కనకాలపేట కుర్రాళ్ళు, ఎందరో ప్రయత్నించారు. ఒక్కడూ ఆ సోడా తాగిన పాపాన పోలేదు. ఎవడైనా ఓడి వెళ్తుంటే మావగారు చూసేవారు. ఆ సాయంత్రం ఆయన నడకే వేరుగా ఉండేది.

ఒక దసరాకి ఆయుధపూజ చేశారు. ఫ్రిజ్జుకి, త్రాసుకి, స్కూటరుకి పెట్టినట్టే మిషనుకీ పసుపు కుంకాలు పెట్టాలి కదా. పైపైన పెడితే సరిపోయేది. బావగారు భక్తి ఎక్కువై పైపెట్టె వెనక తలుపు తీయించి, అంకెలు వెలిగే గాజు బిళ్ళలన్నిటికీ తడి గంధం, బొట్టు పెట్టి, కొబ్బరినీళ్ళు చిలకరించి, ఆరకముందే స్విచ్చి వేశారు. చిటపటమని శబ్దం, కమురు వాసన. ఆటకేమీ కాలేదు. అంకెలు మాత్రం పోయాయి. ఎవరూ బావగారిని ఒక్క మాట అనలేదు. దిష్టి తగిలిందన్నారు.

కాకినాడ నుంచి టీవీ మెకానిక్ వచ్చి చూశాడు. ఆ గాజు బిళ్ళల్లో గ్యాసు ఉంటుందట, అవి ఇప్పుడు దొరకవట, వాటి బదులు ఎల్‌ఈడీవి వస్తున్నాయట. చెన్నైలో వీడియోగేముల సామాను తెప్పించే వ్యాపారి ఉన్నాడని చెప్పాడు. ఇంగ్లీషులో రాయాలి కనుక అప్పుడు కోడలు గుర్తొచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అతనితో ఉత్తరాలు నడిపింది నేనే. వరసకి ఎన్ని అంకెలు, వెనక ప్లగ్గు ఎలా ఉంది అని అడిగాడు. మిషను వెనక దూరి, దుమ్ము తుడిచి, చూసి రాశాను. చివరికి ఏ రంగు కావాలన్నాడు. ఆరెంజి, ఎరుపు, నీలం, తెలుపు ఉన్నాయన్నాడు. పాతవి ఆరెంజి రంగే.

మావగారికి సుగర్. ఒక కన్నుకి కాకినాడలో ఆపరేషన్ అయింది, రెండోది అంతంత మాత్రం. బజారులో కొత్తగా వచ్చిన సెల్‌ఫోన్ షాపుల నీలం బోర్డులు తనకు అలుక్కుపోయినట్టుంటాయని ఎప్పుడో అన్నారు. నాకది గుర్తుంది. అటక మీద వినాయక చవితి సీరియల్ లైట్లుంటే దింపి, ఆరెంజి దండ ఒకటి, నీలం దండ ఒకటి మిషను మీద వేలాడదీసి, ఆడేచోట ఆయన్ని నిలబెట్టి బల్బులు లెక్కపెట్టమన్నాను.

"బళ్ళో వేస్తావేంటమ్మా నన్ను" అని నవ్వుతూనే ఆరెంజివి ఒక్కటి తప్పకుండా చెప్పారు. నీలం దండ దగ్గర ఆగిపోయారు. "ఇయ్యన్నీ ఒకటే ముద్దలాగున్నాయమ్మా" అన్నారు.

అది మొత్తం మా ఆయనకు చెప్పాను. బల్బుల సంగతి, కళ్ళ సంగతి, బోర్డుల సంగతి, అన్నీ అన్నయ్యగారికి చెప్పండి అన్నాను. ఆ సాయంత్రం నేను తలుపు చాటున నిలబడి విన్నాను. మా ఆయన గొంతు సవరించుకుని చెప్పిందల్లా ఒకటే, ఆరెంజి అయితే పాతదానిలాగే ఉంటుందని నేను అంటున్నానని.

"పాతదానిలా ఉండటానికా ఇంత పెట్టి కొత్తవి కొనేది?" అన్నారు బావగారు. నీలం అయితే రోడ్డు మీదికి కనపడుతుందని, కుర్రాళ్ళు ఆగుతారని చెప్పారు. మా ఆయన సరేనన్నారు. ఇక పట్టలేక తలుపు చాటు నుంచే నోరు తెరిచాను.

"నీలం అయితే మావయ్యగారికి కనపడదండి."

బావగారు నా వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూసి, "నాన్నకి గోళీ కనపడితే చాల్దేంట్రా?" అన్నారు. ఇద్దరూ నవ్వారు. తర్వాత మా ఆయన నన్ను పక్కకు పిలిచి కేకలేశారు. నేను చెప్పింది నిజమా కాదా అని కాదు, బావగారి ముందు గొంతెత్తానని. ఆ రోజు నుంచి మా ఆయన మంచితనం మీద నాకు గౌరవం పోయింది. అన్నగారి ముందు నోరు లేకపోవడాన్ని ఊరంతా మంచితనమంటుంటే వింటూ బతికాను.

మర్నాడు నా వేళ్ళతోనే నీలం అని కొట్టి పంపాను.

అవి వచ్చాక మెకానిక్ బిగించి స్విచ్చి వేస్తే షాపంతా నీలంగా అయిపోయింది. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. మావగారు ముందుకొచ్చి, అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూసి, బాగుందిరా అని కొడుకులతో అన్నారు. ఏమీ కనపడలేదని నాకు తెలుసు. తన పంతం కోసం కొడుకుల సంబరం పాడుచేసే మనిషి కాదు ఆయన.

మావగారు అరుగు మీదికి వెళ్ళాక, సామాను సర్దుకుంటూ మెకానిక్, పాత స్కోరు మిషనులో అలాగే ఉంది, ఉంచాలా తీసెయ్యాలా అని అడిగాడు. ఆ కొండంత స్కోరు చూసి కుర్రాళ్ళు రెండాటలకే వెళ్ళిపోతున్నారు, తీసెయ్యమన్నారు బావగారు. మిషను ముందువైపు చిన్న తలుపు లోపల బొత్తం ఒకటుంది, దాన్ని నొక్కితే చాలు. ఎవరైనా దాటేంత చిన్న అంకె పెట్టించారు. గోడ మీది రాత మాత్రం అలాగే ఉంచారు, పెద్దాయన స్కోరు దాటితే సోడా ఊరికే అని.

మావగారు మధ్యాహ్నాలు ఆడటం మానలేదు. ఆటవగానే నన్ను పిలిచేవారు. ఎంతొచ్చిందమ్మా అని అడిగితే చదివి చెప్పేదాన్ని. ఉన్నది ఉన్నట్టే చెప్పేదాన్ని. కాఫీ తాగాలో వద్దో ఇప్పుడు నా నోటి మాటతో తేలేది. అది నాకు నచ్చేది కాదు, ఆయనకు అంతకన్నా నచ్చేది కాదు.

ఒకరోజు అడవిపొలం కుర్రాడొకడు సోడా కొట్టించుకుని, అరుగు మీద కూర్చున్న మావగారి దగ్గరకెళ్ళాడు. "తాతగారూ, మీ స్కోరు దాటేశానండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మావగారు వాడి భుజం తట్టారు. కాసేపటికి ఇంకొకడు అదే మాట అన్నాడు. వీణ్ణీ తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇన్నేళ్ళు ఒక్కడివల్లా కానిది ఒక్క పూటలో ఇద్దరివల్ల ఎలా అవుతుందని ఆయనకు తట్టింది.

వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డారు. అడగనిదే చెప్పకూడదని, అడిగితే అబద్ధమాడకూడదని నేను ముందే అనుకుని ఉన్నాను.

"అమ్మా, మిషను చూపించేది నా అంకె కాదా?"

"కాదండి మావయ్యగారూ. తీసేశారు. నీలంవి బిగించిన రోజే తీసేశారు."

ఆయన ద్వారబంధం పట్టుకుని షాపు వైపు తల తిప్పారు. షాపులో గోళీ గుద్దుకుంటున్న చప్పుడు, కుర్రాళ్ళ గోల వినపడుతున్నాయి.

"అదా సంగతి. నాకు కనపడకూడదనే నీలం తెప్పించారన్న మాట" అన్నారు.

కాదని చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. కొడుకులు పని గట్టుకుని తనను మోసం చేశారనుకుంటున్నారాయన. అలా చేయాలన్నా ముందు ఆయన ఒకరున్నారని గుర్తుండాలి కదా. రంగు ఎంచుకునేటప్పుడు ఆయన వాళ్ళ లెక్కలోనే లేరు. అంతకన్నా మోసమే నయమనిపించి ఊరుకున్నాను.

కాఫీ పెట్టనా అని అడిగాను. వద్దమ్మా అన్నారు.